ఉద్యోగ ప్రకటనను విప్పి చదవడం ఎలా? విశాఖ ఐటీ అభ్యర్థులకు సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల కిందట రుషికొండలో కొండ మీది మా ఆఫీసులో కూర్చుని నేనొక ఉద్యోగ ప్రకటన రాశాను. మా జట్టులోంచి ఆరేళ్ల అనుభవమున్న ఒక కుర్రాడు వెళ్లిపోతున్నాడు, అతని స్థానంలో మనిషి కావాలి. హెచ్‌ఆర్ నుంచి ఫోను: "సాయంత్రంలోగా జేడీ (ఉద్యోగ వివరణ) పంపండి సర్." అతనికి ఏమేమి వచ్చో తలుచుకుంటూ పన్నెండు టెక్నాలజీల పేర్లు రాసి పంపాను. వాటిలో నాలుగు అతను మా దగ్గరికి వచ్చాక నేర్చుకున్నవే. మరో మూడు నాకే రావు. హెచ్‌ఆర్ వారు ఏదో పాత ప్రకటనలోంచి ఇంకో ఏడు తెచ్చి కలిపి, పైన "అనుభవం 3–5 ఏళ్లు" అని పెట్టి పోర్టల్‌లో ఎక్కించారు. ఆరేళ్లు పనిచేసిన మనిషికి వచ్చినదానికన్నా ఎక్కువ పనితనాన్ని, మూడేళ్ల మనిషి జీతానికి అడిగామన్నమాట.

నేను చేసిన ఘనకార్యం వారం తర్వాత గానీ నాకు అర్థం కాలేదు. గాజువాకలో ఉండే మా మేనకోడలు ఫోన్ చేసింది. అప్పటికి ఆమెకు రెండేళ్ల అనుభవం. "మామయ్యా, మీ కంపెనీ ప్రకటన చూశాను. పంతొమ్మిదింటిలో నాకు ఆరే వచ్చు. పంపలేదు" అంది. ఏవి వచ్చని అడిగాను. ఆ ఆరూ మేము రోజూ వాడేవే. మిగతా పదమూడింటిలో సగం మా ఆఫీసులో ఎవరూ ముట్టుకోనివి.

ఆ తర్వాతి ఆదివారం ఆమె ఒక ప్రకటనల కట్టతో మద్దిలపాలెంలోని మా ఇంటికి వచ్చింది. భోజనాల బల్ల మీద పరుచుకుని, పెన్నులతో గీతలు గీస్తూ ఒక్కొక్కటీ చదివాం. అలా కుదిరిన పద్ధతిని ఇక్కడ వరసగా రాస్తున్నాను. రెండు నుంచి ఐదేళ్ల అనుభవం ఉన్నవారికి ఎక్కువగా, ఫ్రెషర్లకు కొంతవరకు పనికొస్తుంది.

ఇప్పుడు దీని అవసరం పెరిగింది కూడా. 2023 అక్టోబరులో మధురవాడ వైపు కొండ మీద ఇన్ఫోసిస్ కార్యాలయం తెరుచుకుంది. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు రుషికొండ దగ్గర 21.16 ఎకరాలు నామమాత్రపు 99 పైసల ధరకు ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. అప్పటినుంచి నా కంటబడుతున్న ప్రకటనల్లో మామూలు టెస్టింగ్ ఉద్యోగానికి కూడా ఒక ఏఐ తోక వేలాడుతోంది.

మొదటి అడుగు: ప్రకటనను దాచుకోండి

దరఖాస్తు చేసే ముందే ప్రకటన పూర్తి పాఠాన్ని, తేదీతో సహా, మీ దగ్గర ఒక ఫైలులో పెట్టుకోండి. ఇంటర్వ్యూకు పిలిచే నాటికి పోర్టల్‌లో అది మాయమై ఉంటుంది, లేదా మారిపోయి ఉంటుంది. అదే ప్రకటన మూడు నెలల తర్వాత అక్షరం పొల్లుపోకుండా మళ్లీ కనబడితే అది కూడా ఒక సమాచారమే. అక్కడికి వెళ్లినవారు నిలవడం లేదు, లేదా అక్కడ అసలు ఖాళీయే లేదు.

రెండో అడుగు: ఎవరి చెయ్యి ఎక్కడుందో పట్టుకోండి

ప్రకటనను ఒక్కరే మొదటి నుంచి చివరి దాకా రాయడం అరుదు. మూడు రంగుల పెన్నులు తీసుకోండి, లేకపోతే ఫైలులోనే మూడు రంగులు వేయండి.

మొదటి రంగు, పని తెలిసిన లీడు (జట్టు పెద్ద) రాసిన మాటలకు. ఇవి నిర్దిష్టంగా ఉంటాయి. "జావా 17, స్ప్రింగ్ బూట్ 3" అని వెర్షన్లతో రాసి ఉంటే, రాసినవాడికి తన దగ్గర ఏం నడుస్తోందో తెలుసు. పైగా ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి, ఎందుకంటే స్ప్రింగ్ బూట్ 3కు కనీసం జావా 17 కావాలి. అలా అతికిన మాటలు కనబడితే వాటిని నమ్మండి.

రెండో రంగు హెచ్‌ఆర్‌కు. "ఒత్తిడిలో పనిచేయగలగాలి", "చక్కని సంభాషణ నైపుణ్యం" వగైరా అచ్చు వాక్యాలు వీరివి. అనుభవం ఏళ్లు కూడా చాలాసార్లు వీరివే. చాలా కంపెనీల్లో "3–5 ఏళ్లు" అనేది ఒక జీతపు మెట్టుకు పెట్టిన పేరు. ఆ ఉద్యోగానికి మంజూరైన జీతం ఏ మెట్టులో ఉందో ఆ మెట్టు ఏళ్లు ప్రకటనలోకి వస్తాయి. పనికి నిజంగా ఎన్నేళ్లు కావాలో అప్పుడెవరూ లెక్క వేయలేదు. అందుకే ఏళ్ల విషయంలో కొంచెం అటూ ఇటూ అయినా తలుపు మూసుకుపోదు. బాగా దూరమైతే మాత్రం జీతపు మెట్టే మారిపోతుంది కాబట్టి హెచ్‌ఆర్ ఒప్పుకోదు.

మూడో రంగు క్లయింటుకు, మధ్యలోని వెండర్‌కు (మనుషులను సమకూర్చే సంస్థకు). మన ఊళ్లో చాలా ఆఫీసులు ఎవరో విదేశీ క్లయింటుకో, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పెద్ద కంపెనీకో పనిచేసి పెడతాయి. క్లయింటు తన చిట్టా వెండర్‌కు పంపుతాడు, వెండర్ దాన్ని ఇంకో కన్సల్టెన్సీకి పంపుతాడు. దారిలో రెండు మూడు ఖాళీల చిట్టాలు ఒకే ప్రకటనలో కలిసిపోతాయి. రియాక్ట్, యాంగ్యులర్ రెండూ "తప్పనిసరి" అని, ఏడబ్ల్యూఎస్, అజ్యూర్ రెండింటిలో "లోతైన అనుభవం" అని ఉంటే ఈ కలగూరగంప అలాగే తయారై ఉంటుంది. ఒక అప్లికేషన్‌లో సాధారణంగా వాటిలో ఒక్కొక్కటే వాడతారు.

ఈ మూడు రంగుల్లో దేనికీ లొంగని ప్రకటనలు కొన్ని ఉంటాయి. ఒకదానికొకటి సంబంధం లేని మూడు నాలుగు అనుభవాలు మరీ సూదిమొనంత నిర్దిష్టంగా అడిగి, రెండు రోజుల్లో గడువు ముగిస్తారు. అక్కడ మనిషి ముందే ఖరారై ఉండి, నియమం కోసం ప్రకటన వేసి ఉండవచ్చు. దాని మీద ఒక సాయంత్రం కన్నా ఎక్కువ ఖర్చు పెట్టకండి.

మూడో అడుగు: పుట్టిన సంవత్సరాలతో సరిచూడండి

ఇది సరదా పని, పది నిమిషాలు చాలు. ప్రతి టెక్నాలజీకి ఒక పుట్టినరోజు ఉంటుంది. అడిగిన ఏళ్లు దాని వయసుకన్నా ఎక్కువైతే ఆ వాక్యం రాసినవారికి ఆ పని తెలియదని రుజువైనట్టే.

కొన్ని తేదీలు రాసి పెట్టుకోండి. జావా 1995లో విడుదలైంది. నోడ్ జేఎస్ 2009. టైప్‌స్క్రిప్ట్ 2012. డాకర్, రియాక్ట్ రెండూ 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. కుబెర్నెటీస్‌ను గూగుల్ 2014లో ప్రకటించింది, 1.0 వెర్షన్ 2015 జులైలో వచ్చింది. స్ప్రింగ్ బూట్ 1.0, టెర్రాఫార్మ్ 2014. కోట్లిన్ 1.0 వచ్చింది 2016లో. ఫ్లట్టర్ 1.0, ఫాస్ట్‌ఏపీఐ తొలి విడుదల 2018 డిసెంబరు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న జనంలోకి వచ్చింది, భాషా నమూనాలతో అప్లికేషన్లు కట్టడానికి వాడే లాంగ్‌చైన్ అంతకు ఒక నెల ముందు.

2020 జులైలో జరిగిన ఒక ముచ్చట మా వృత్తిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫాస్ట్‌ఏపీఐని సృష్టించిన సెబాస్టియన్ రమీరెజ్‌కు ఒక ఉద్యోగ ప్రకటన కనబడింది. అందులో ఫాస్ట్‌ఏపీఐలో నాలుగేళ్లకు పైగా అనుభవం అడిగారు. దాన్ని తాను తయారుచేసి ఏడాదిన్నరే అయిందని, కాబట్టి ఆ ఉద్యోగానికి తాను పనికిరానని ఆయన ట్విట్టర్‌లో రాశారు. అదే నెలలో ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ కుబెర్నెటీస్‌లో పన్నెండేళ్లు అడిగి అభాసుపాలైంది. కుబెర్నెటీస్ వయసు అప్పటికి ఆరేళ్లు.

తేదీలతో లెక్క వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, ఒకే పేరుతో రెండు వస్తువులు ఉంటాయి. 2010 నాటి యాంగ్యులర్ జేఎస్ వేరు, 2016 సెప్టెంబరులో పూర్తిగా తిరగరాసి విడుదల చేసిన యాంగ్యులర్ వేరు. "యాంగ్యులర్‌లో 12 ఏళ్లు" అంటే ఏదో ముందు తెలుసుకోవాలి. రెండోది, టెక్నాలజీ పుట్టిన రోజునే మన ఆఫీసులకు రాదు. అది కుదురుకుని, క్లయింటు నమ్మి, మన చేతికి వచ్చేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి వయసులోంచి ఇంకో రెండేళ్లు తీసేసి చూడండి. గణితం ప్రకారం సాధ్యమైన కోరిక కూడా మన దగ్గర దొరకనిదని తేలుతుంది.

ఏఐ విషయంలో మాత్రం వెంటనే నవ్వేయకండి. భాషా నమూనాలకు ఆధారమైన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతి 2017లోనే వచ్చింది, జీపీటీ-3 2020లో. పరిశోధనలో ఉన్నవారికి ఆ అనుభవం ఉండవచ్చు. కానీ ఒక చెల్లింపుల అప్లికేషన్‌కు మనిషిని వెతుకుతూ లాంగ్‌చైన్‌లో ఐదేళ్లు అడిగితే, 2027 అక్టోబరుకు ముందు ఈ భూమ్మీద ఎవరికీ ఆ అర్హత ఉండదు.

అసాధ్యమైన కోరిక కనబడితే ప్రకటన మొత్తాన్ని చెత్తబుట్టలో వేయాలా? అక్కర్లేదు. ఆ వాక్యాన్ని మాత్రం కొట్టేయండి. దాన్ని ఎవరూ తీర్చలేరు కాబట్టి పోటీలో మీకు దానివల్ల నష్టం లేదు.

నాలుగో అడుగు: సోమవారం పొద్దున పని ఏమిటో వెతకండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. మేనకోడలు తెచ్చిన కట్టలో ఒకదాన్ని, కంపెనీ ఆనవాళ్లు తీసేసి, ఇక్కడ ఇస్తున్నాను:

"జావా డెవలపర్. అనుభవం 3–5 ఏళ్లు. విశాఖపట్నం లేదా హైదరాబాద్. జావా, స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసులు, ఎస్‌క్యూఎల్, రియాక్ట్, యాంగ్యులర్, కాఫ్కా, డాకర్, కుబెర్నెటీస్, ఏడబ్ల్యూఎస్, అజ్యూర్, టెర్రాఫార్మ్, మోంగోడీబీ తప్పనిసరి. జనరేటివ్ ఏఐలో 5 ఏళ్ల అనుభవం ఉండాలి. చెల్లింపుల అప్లికేషన్‌లో వచ్చే లోపాలను సరిచేయాలి, ఉన్న ఏపీఐలలో మార్పులు చేయాలి, నెలలో ఒక వారం రాత్రి షిఫ్టులో ప్రొడక్షన్ సపోర్టు ఇవ్వాలి. వెంటనే చేరగలిగేవారికి ప్రాధాన్యం."

పేర్లను చేత్తో మూసి, క్రియల కింద గీత గీయండి. సరిచేయాలి. మార్పులు చేయాలి. సపోర్టు ఇవ్వాలి. "నిర్మించాలి", "రూపకల్పన చేయాలి" అని ఎక్కడా లేదు. అంటే అప్లికేషన్ ఇప్పటికే నడుస్తోంది, దాన్ని నిలబెట్టే మనిషి కావాలి. కుబెర్నెటీస్ క్లస్టర్‌ను, టెర్రాఫార్మ్ ఫైళ్లను చూసుకునే జట్టు ఇంకెక్కడో ఉంటుంది. ఈ ఉద్యోగి పొద్దున వచ్చి టికెట్ (ఫిర్యాదు) తెరుస్తాడు, లాగ్‌లు (అప్లికేషన్ నడిచేటప్పుడు రాసుకునే నమోదులు) చదువుతాడు, డేటాబేసులో ఆ లావాదేవీ ఎక్కడ ఆగిందో చూస్తాడు, జావా కోడులో నాలుగు వరసలు మారుస్తాడు, టెస్టు రాస్తాడు. అసలు ఉద్యోగం జావా, స్ప్రింగ్ బూట్, ఎస్‌క్యూఎల్, లాగ్‌లు చదవగలిగే ఓపిక. విచిత్రమేమిటంటే ఆ నాలుగోది చిట్టాలోనే లేదు. మా మేనకోడలికి బాగా వచ్చినది అదే.

ఇంకో ఆనవాలు, ఒక మాట ఎన్ని చోట్ల కనబడుతుందో లెక్కపెట్టడం. శీర్షికలో, పని వివరణలో, చిట్టాలో మూడు చోట్లా ఉన్నది నిజమైన అవసరం. చిట్టాలో మాత్రమే ఉండి, పని వివరణలో ఎక్కడా ఊసులేనిది చాలాసార్లు అలంకారం. పై ప్రకటనలో కాఫ్కా మధ్యరకం. చెల్లింపుల వ్యవస్థల్లో దాన్ని నిజంగానే వాడతారు, కాబట్టి ఫోనులో అడిగి తెలుసుకోవాలి.

ఎక్కువ పేర్లున్న ప్రకటనలో కష్టమైన సంగతులు వాటి చాటున దాక్కుంటాయి కూడా. పద్నాలుగు పేర్లు చూసి బెదిరిపోయిన మేనకోడలు నెలకు వారం రాత్రి షిఫ్టు అన్న మాటను గమనించనే లేదు. కొండ మీది నుంచి రాత్రి రెండింటికి ఊరికి ఆ చివరనున్న గాజువాక చేరడం మాటలా?

పని వివరణ అసలే లేకుండా పేర్ల చిట్టా మాత్రమే ఉంటే? అది ఎక్కువగా రెజ్యూమెలు పోగుచేసుకోవడానికి వేసినది. పంపాలనిపిస్తే పంపండి, ఆశ పెట్టుకోకండి.

ఐదో అడుగు: చేసింది, చూసింది, చదివింది

ఇప్పుడు మీ చిట్టా. కాగితాన్ని మూడు నిలువు గళ్లు చేయండి. మీ చేతులతో చేసి, దాని మంచిచెడ్డలకు జవాబుదారీ అయినవి మొదటి గడిలో. పక్కవారు చేస్తుంటే చూసి, అవసరానికి కాస్త కదిపినవి రెండో గడిలో. కోర్సులోనో కాలేజీ ప్రాజెక్టులోనో నేర్చుకున్నవి మూడో గడిలో. మేనకోడలి కాగితంలో జావా, స్ప్రింగ్ బూట్, ఎస్‌క్యూఎల్, డాకర్ మొదటి గడిలో పడ్డాయి. కాఫ్కా, ఏడబ్ల్యూఎస్ రెండో గడిలో, రియాక్ట్ మూడో గడిలో. కుబెర్నెటీస్‌కు ఏ గడీ దొరకలేదు.

ఏళ్లు లెక్కపెట్టడంలో చాలామంది తమకు తామే అన్యాయం చేసుకుంటారు. రెండేళ్ల ప్రాజెక్టులో నాలుగు టెక్నాలజీలు రోజూ వాడితే ఒక్కొక్కదానిలో ఆరు నెలలని పంచుతారు. అలా పంచనక్కర్లేదు. ఒక్కొక్కదానిలో రెండేళ్లే. అన్నం, పప్పు, పులుసు ఒకే ఏడాది నేర్చుకున్నవారికి ఒక్కొక్కదానిలో నాలుగు నెలల అనుభవమని ఎవరూ అనరు. అయితే రెండేళ్లలో డాకర్‌ను రెండుసార్లే ముట్టుకుని రెండేళ్లని రాయడం కూడా కుదరదు.

ఆరో అడుగు: పంపాలా, వద్దా

నేను వాడే కొలత ఇది. నాలుగో అడుగులో తేలిన అసలు పనికి కావలసిన మూడు నాలుగింటిలో ఎక్కువ భాగం మీ మొదటి గడిలో ఉండాలి. తక్కువైనవి కొన్ని వారాల్లో నేర్చుకోగలిగేవి అయి ఉండాలి. అలా ఉంటే పంపండి, చిట్టాలోని మిగతావాటిని లెక్కచేయకండి. మూడేళ్లు అడిగితే రెండేళ్లతో పంపవచ్చు. ఎనిమిదేళ్లు అడిగిన చోటికి రెండేళ్లతో వెళ్లడం వేరే సంగతి. అక్కడ వారికి కావలసింది నలుగురిని నడిపించే మనిషి.

అన్ని కోరికలూ అలంకారాలు కావు, ఇది కూడా గుర్తుండాలి. వైద్య రికార్డులకు కోడ్‌లు వేసే మెడికల్ కోడింగ్ ఉద్యోగానికి సీపీసీ అనే ఆ వృత్తి సర్టిఫికెట్ తప్పనిసరి అంటే తప్పనిసరే, క్లయింటు అడిగితే చూపించాలి. జపనీస్ భాష, రాత్రి షిఫ్టు, ఫలానా సంవత్సరంలో పాసైన ఫ్రెషర్లు మాత్రమే అన్న మాటలు కూడా సాధారణంగా కదలవు.

ఈ పెంచిన చిట్టాల వల్ల నష్టపోయేది అభ్యర్థులు ఒక్కరే కాదు. 2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి అమెరికా, బ్రిటన్, జర్మనీలలో చేసిన అధ్యయనంలో 88 శాతం యాజమాన్యాలు ఒక మాట ఒప్పుకున్నాయి. ప్రకటనలోని కొలతలకు అచ్చంగా సరిపోలేదన్న కారణంతో, అర్హత ఉన్న నిపుణులు కూడా వడపోతలో పోతున్నారని. చిట్టా రాసుకున్నదీ వారే, బాధపడుతున్నదీ వారే.

ఏడో అడుగు: రెజ్యూమె, అంకె అడిగే గడి

పోర్టళ్లలో రిక్రూటర్లు మాటలతో వెతుకుతారు. ప్రకటనలో "స్ప్రింగ్ బూట్" అని ఉంటే మీ రెజ్యూమెలోనూ అదే మాట ఉండాలి, "స్ప్రింగ్" అని ఊరుకోకండి. రంగురంగుల గళ్లు, బొమ్మలు, నైపుణ్యాన్ని నక్షత్రాలతో చూపడం తీసేయండి. యంత్రం వాటిని సరిగా చదవలేదు, చదివే మనిషికి నక్షత్రాలతో ఏమీ తెలియదు. ఇటీవల చురుగ్గా ఉన్న అభ్యర్థులనే వడకట్టి చూసే వీలు రిక్రూటర్లకు ఉంటుంది కాబట్టి ప్రొఫైల్‌ను వారానికోసారి తెరిచి ఏదో ఒకటి సవరించండి.

మూడు గళ్లనూ రెజ్యూమెలో దాచకుండా చూపవచ్చు. "ఉద్యోగంలో వాడినవి", "పరిచయం ఉన్నవి" అని రెండు వరసలు చాలు. మొదటి వరసకు ఒక్కొక్క పనిని జోడించండి. "జావా, స్ప్రింగ్ బూట్ తెలుసు" అనేదానికన్నా, "చెల్లింపు విఫలమైనప్పుడు రెండుసార్లు డబ్బు తగ్గే లోపాన్ని లాగ్‌ల నుంచి కనిపెట్టి సరిచేశాను" అన్న వాక్యం పద్నాలుగు పేర్లకు సమాధానం చెబుతుంది.

అసలు చిక్కు దరఖాస్తు ఫారంలో వస్తుంది. "కుబెర్నెటీస్‌లో ఎన్నేళ్లు?" అని ఒక గడి, అందులో అంకె తప్ప ఏమీ పట్టదు. సున్నా వేస్తే యంత్రం పక్కకు నెట్టేస్తుందని భయం, మూడు వేస్తే అబద్ధం. సున్నాయే వేయండి. వేసి, ఆ ఉద్యోగానికి యంత్రం దారిని వదిలి మనుషుల దారి పట్టండి. మన ఊరి సౌకర్యం అదే. రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో పనిచేసేవారిలో మీ కాలేజీ సీనియరో, అపార్టుమెంటు పైఅంతస్తు ఆయనో, పాత ఆఫీసు అక్కో ఎవరో ఒకరు తప్పక ఉంటారు. రిఫరల్ అడగండి. చాలా కంపెనీల్లో రిఫర్ చేసి, ఆ మనిషి చేరితే వారికీ బోనసు వస్తుంది కాబట్టి మొహమాటం అక్కర్లేదు. అడిగేటప్పుడు రెజ్యూమె ఒక్కటే పంపి ఊరుకోకండి. మేనకోడలు పంపిన సందేశం ఇలా ఉంది: "అక్కా, మీ కంపెనీలో ఈ జావా ఖాళీ చూశాను. పని వివరణలో ఉన్న మూడింటినీ రెండేళ్లుగా చేస్తున్నాను. కుబెర్నెటీస్, టెర్రాఫార్మ్ రావు. అవి ఈ జట్టుకు నిజంగా కావాలా అని మీ లీడును ఒక్కసారి అడిగి చెప్పగలరా?" జవాబు గంటలో వచ్చింది: "అక్కర్లేదు, పంపు."

ఎనిమిదో అడుగు: రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు

సాధారణంగా మనం జవాబులు చెప్పడంతోనే సరిపెడతాం. ఐదు నిమిషాల్లో నాలుగు ప్రశ్నలు మనవి కూడా ఉండాలి. చేరిన మొదటి మూడు నెలల్లో ఏ పని ఉంటుంది? చిట్టాలో వేటి మీద ఇంటర్వ్యూ జరుగుతుంది? జీతం ఈ కంపెనీయే ఇస్తుందా, మధ్యలో వెండర్ ఉన్నాడా? విశాఖ అన్నారు, ఇక్కడే ఉంచుతారా, ఆరు నెలలకు బెంగళూరు పంపుతారా? రాత్రి షిఫ్టు ఉంటే అయిదోది, క్యాబ్ ఇస్తారా?

"మేడమ్, ప్రకటనలో పద్నాలుగు ఉన్నాయి. వీటిలో మేనేజర్ గారు తప్పకుండా కావాలన్నవి ఏవి?" అని మర్యాదగా అడిగితే చాలామంది రిక్రూటర్లు నిజమే చెబుతారు. చెప్పలేకపోతే "కనుక్కుని చెబుతాను" అంటారు. "అన్నీ కావాలి" అని విసుక్కుంటే అవతల పని తెలిసిన మనిషికీ ఈమెకూ మధ్య ఇంకో ఇద్దరు ఉన్నారని అర్థం.

తొమ్మిదో అడుగు: ఇంటర్వ్యూలో

"మేము మూడేళ్లు అడిగాం, మీకు రెండే ఉన్నాయే?" అన్న ప్రశ్న వస్తుంది. క్షమాపణ చెప్పినట్టు మాట్లాడకండి. "నిజమే సర్. ఆ రెండేళ్లూ ఇదే రకం వ్యవస్థ మీద పనిచేశాను. ప్రొడక్షన్‌లో ఆగిన లావాదేవీలను వెతికి సరిచేయడం నా రోజువారీ పని. ఒకటి వివరించమంటారా?" అని సంభాషణను మీ మొదటి గడిలోకి తీసుకురండి. రానిదాన్ని అడిగితే రాదని ఒక్క ముక్కలో చెప్పి, దానికి దగ్గరగా మీకు వచ్చినదేమిటో చెప్పండి. అవతలి కుర్చీలో కూర్చునే వాడిగా చెబుతున్నాను, తెలియనిదాన్ని పది వాక్యాలు సాగదీసేవారి మీద, తెలిసినవి చెప్పినప్పుడు కూడా నమ్మకం పోతుంది.

"జావాలో మీకు మీరు పదికి ఎంత వేసుకుంటారు?" అన్నది మన దగ్గర తప్పని ప్రశ్న. తొమ్మిది అంటే తొమ్మిదో మెట్టు ప్రశ్న వస్తుంది. అంకెకు వివరణ జోడించండి: "ఆరు. కలెక్షన్లు, స్ట్రీములు రోజూ వాడతాను. మల్టీథ్రెడింగ్‌లో అనుభవం తక్కువ."

తప్పించుకోవలసిన గుంటలు

పెంచిన చిట్టాలను చూసి విసిగినవారికి ద్వారకానగర్ కోచింగ్ వీధుల్లో ఒక అడ్డదారి వినబడుతుంది. డబ్బు కడితే మూడేళ్ల అనుభవ పత్రం, జీతపు రసీదులు తయారుచేసి ఇస్తామంటారు. కంపెనీ మూడేళ్ల అబద్ధం ఆడింది కదా, మనమూ ఆడితే ఏమని కూడా అంటారు. వారి అబద్ధానికి శిక్ష లేదు, మీ అబద్ధానికి ఉంది. పీఎఫ్ ఖాతాదారుకు ఇచ్చే యూఏఎన్ అనే పన్నెండు అంకెల సంఖ్య కింద మీరు ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశారో నమోదై ఉంటుంది. వెరిఫికేషన్‌లో దాన్ని అడుగుతారు. చేరిన ఆరు నెలలకు బయటపడి, ఒక్క మధ్యాహ్నంలో ల్యాప్‌టాప్ అప్పగించి వెళ్లిపోయిన పిల్లలను నేను చూశాను. వారిలో ఇద్దరికి ఆ పని నిజంగానే వచ్చు.

ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగితే, దానికి శిక్షణ రుసుమని, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని ఏ పేరు పెట్టినా, అక్కడితో ఆపేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చిట్టా మరీ పొడవుగా ఉన్న ప్రకటన వల్ల పోయేది మన సమయమే. ఏమీ అడగని ప్రకటన అంతకన్నా ప్రమాదం. "టైపింగ్ వస్తే చాలు, విదేశంలో ఉద్యోగం" అన్నదాన్ని నమ్మి వెళ్లిన మన ప్రాంతపు యువకుల సంగతి 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని చెప్పి కంబోడియాకు చేర్చి, సైబర్ మోసాలు చేయించారు. అర్హతలు అడగకుండా జీతం మాత్రం చెప్పేవారిని చూసి ముందు భయపడాలి.

ప్రకటన రాసే కుర్చీలో మీరుంటే

కొన్నాళ్లకు మా జట్టులో మళ్లీ ఖాళీ వచ్చింది. ఈసారి పాత ఫైలు తెరవలేదు. కొత్త మనిషి మొదటి మూడు నెలల్లో చేయబోయే పనులు ఐదు వాక్యాల్లో రాశాను. వాటికి కావలసిన పేర్లు మాత్రమే కింద పెడితే నాలుగు వచ్చాయి. "వచ్చాక నేర్పుతాం" అని ఇంకో రెండు. రాత్రి సపోర్టు సంగతి, క్యాబ్ సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాను. ఏళ్ల దగ్గర "సుమారు 2 నుంచి" అన్నాను.

హెచ్‌ఆర్ నుంచి ఫోను వచ్చింది. "ఇదేమిటి సర్, ఇంత తక్కువ అడిగితే రెజ్యూమెలు వందల్లో వచ్చి పడతాయి. చిట్టా పొడవుగా ఉంటే భయపడేవాళ్లు భయపడి ఆగిపోతారు, మనకు పని తగ్గుతుంది" అంది ఆ అమ్మాయి. అన్నేళ్లుగా ఆ చిట్టాలు ఎందుకు పెరుగుతూ వస్తున్నాయో నాకు అప్పుడు తెలిసింది. వచ్చినవి వచ్చినట్టు నాకే పంపించమన్నాను. మూడు వందల పైచిలుకు వచ్చాయి. చదవడానికి రెండు ఆదివారాలు పట్టింది.